మంగతాయారు మరిచిపోవాల్సిన చదువు

గేదె చేతులు మారితే కొత్త యజమాని పలుపు తాడు అందుకుంటాడు, కుడితి పెడతాడు, పొద్దున్నే చెంబు పట్టుకుని పొదుగు దగ్గర కూర్చుంటాడు. అంతేగాని, "పాత ఇంట్లో మరీ మంచి మేత మేసినట్టున్నావు, అదంతా కక్కేసి రా" అని ఎక్కడా అనడు. పశువుల సంతలో ఇంగితం అలాంటిది. విశ్వవిద్యాలయాల సంగతి వేరు. కావాలంటే కుంభగిరి బస్టాండులో దిగి, సోడా కొట్టు దగ్గర ఎవర్నడిగినా మంగతాయారు కథ చెబుతారు. వాళ్ళు కాస్త ఉప్పూకారం దట్టించి చెబుతారు. ఇక్కడ మాత్రం ఉడికినంత వరకే వడ్డిస్తున్నాం.

మంగతాయారు తండ్రి కొండలరావుకి కాలవ గట్టున పూలమొక్కల నర్సరీ ఉంది. ఆ పిల్ల పాకడం నేర్చింది గులాబీ అంట్ల మధ్య, నడక నేర్చింది క్రోటన్ కుండీలు పట్టుకుని. అందుచేత వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీకి చేరడం ఎవరికీ వింతనిపించలేదు. ఎక్కడో పడమటి జిల్లాల్లో ఒక విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది చదివింది. ఏడాది పూర్తయ్యేసరికి ఆ విశ్వవిద్యాలయం వారు, మొక్కల చదువుకి గిరాకీ తగ్గిందని ఆ విభాగానికి తాళం వేసి, ఉన్న కొద్దిమంది పిల్లల చేతుల్లో టీసీలు పెట్టి, ఎక్కడైనా చల్లగా బతకండని దీవించి పంపేశారు.

"ఇదిగో అమ్మడూ, ముందే చెప్తన్నాను," అన్నాడు కొండలరావు. "దసరా సెలవుల్లోగా ఏదో ఒక యూనివర్సిటీలో రెండో ఏడాది బెంచీ ఎక్కేవా, సరే సరి. లేదంటే ఏడాదంతా ఖాళీగా కూచోడానికి మనింట్లో కుర్చీల్లేవు. వచ్చి నర్సరీలో ఎరువు కలుపు. ఒక్కసారి ఎరువులో చెయ్యి పెట్టేవంటే మళ్ళీ నువ్వు పుస్తకం ముట్టుకున్నా ఆ వాసనకి పుస్తకమే పారిపోద్ది."

తాయారుకి తండ్రి నోరు తెలుసు. ఆ నోటి వెనక మనిషి మాట తప్పడనీ తెలుసు. అందుకే మర్నాడే కుంభగిరి విశ్వవిద్యాలయానికి వెళ్ళి, బదిలీ విద్యార్థిగా చేర్చుకోమని దరఖాస్తు పెట్టింది. కొన్నాళ్ళకి రిజిస్ట్రారు శేషఫణి గారి దగ్గర్నుంచి పిలుపొచ్చింది.

శేషఫణి గారు మామూలుగా మాట్లాడటం మానేసి చాలాకాలమైంది. ఆయన నోట్లోంచి మాట వచ్చినా అది ఉత్తర్వులాగే వచ్చేది. ఇంట్లో కాఫీ అడగాలన్నా "విషయము: కాఫీ. సూచిక: నిన్నటి కాఫీ" అని మొదలుపెడతారని వాళ్ళావిడ పక్కింటివాళ్ళతో చెప్పుకునేది.

"కూర్చొనుడు," అన్నారాయన. "విషయము: మీ బదిలీ ప్రవేశము. మీ టీసీ, మార్కుల పత్రము, సత్ప్రవర్తన పత్రము అన్నియు సక్రమముగా ఉన్నవి. అయితే మా సమానతా సంఘము వారు మీ చదువును మా చదువుతో తూచి చూడగా ఒక తీవ్రమైన తేడా బయటపడినది."

తాయారు కుర్చీ అంచుకి జరిగింది. "తక్కువైందా సార్?"

"తక్కువైన ఇబ్బంది ఏమున్నది? తక్కువ చదివిన వారికి బ్రిడ్జి కోర్సు కలదు. మీరు ఎక్కువ చదివితిరి. మీ పాత చోట శిలీంధ్రములు చెప్పిరి. మా పాఠ్యప్రణాళికయందు శిలీంధ్రములు లేవు."

శిలీంధ్రాలంటే మరేం కాదు, బూజూ పుట్టగొడుగులూ మొక్కల తెగుళ్ళూ వగైరా. తాయారు ఆయన బల్ల మీదికి చూసింది. ముసురు పట్టి వారం దాటింది కాబోలు, ఫైళ్ళ అట్టల మీద రంగు రంగుల బూజు పిల్లాపాపలతో కాపురం చేస్తోంది.

"లేకపోవడమేంటి సార్? ఇదిగో, మీ మోచెయ్యి కింద నల్లగా ఉందే, అది ఆస్పర్జిల్లస్. ఆ ఆకుపచ్చది పెనిసిలియం. ఆ తెల్లటిది..."

శేషఫణి గారు రెండు చెవులూ మూసుకున్నారు. "చాలు! మా ఆందోళన సరిగ్గా ఇదియే. రేపు మీ పట్టా మీద పడునది మా ముద్ర. ఆ ముద్ర కింద మేము చెప్పని జ్ఞానము బయటికి పోయినచో, ఇది మీకెక్కడిది, ఏ పద్దు కింద వచ్చినదని ఆడిట్ వారు అడుగుదురు. నేనేమి చెప్పవలెను? పైపెచ్చు మా విద్యార్థులు మీ పక్కన కూర్చుని చిన్నబోవుదురు. సమానత్వము దెబ్బతినును."

"అయితే నన్నేం చెయ్యమంటారు సార్?"

"మరువవలెను," అన్నారు శేషఫణి గారు, మంచినీళ్ళు తాగమన్నంత తేలిగ్గా. "సంఘము తీర్మానించినది. దీని పేరు అధిక జ్ఞాన ఉపసంహరణ. శిలీంధ్రముల భాగమంతయు మరిచి, మరిచినట్లు పరీక్ష రాసి నెగ్గినచో తక్షణమే ప్రవేశము."

ఇంటికొచ్చి చెబితే కొండలరావు పగలబడి నవ్వాడు.

"ఓస్, మర్చిపోవడమేనా? మీ అమ్మ చెప్పిన సరుకులు నేను రోజూ మర్చిపోతన్నాను గదే! ఇన్నేళ్ళ సర్వీసుకి నాకు డాక్టరేటు ఇచ్చెయ్యాలి మరి. ఏం బెంగెట్టుకోకు. కడుపునిండా పప్పన్నం, పైన గడ్డ పెరుగు, ఆపైన పగటి నిద్ర. వారం తిరిగేసరికి నీ పేరు నేను చెప్పాల్సొద్ది."

తాయారు నిజంగానే ప్రయత్నించింది. పప్పన్నం తింది. పడుకుంది. కలలో పుట్టగొడుగులు గొడుగులేసుకుని వరసగా నడిచొచ్చి పలకరించాయి. లేచి పెరట్లోకి వెళితే గులాబీ ఆకుల మీద తెల్లగా బూడిద తెగులు. ఆవకాయ జాడీ మూత తీస్తే అంచున బూజు. వీధిలోకొస్తే కల్లు ముంత నెత్తిన పెట్టుకుని ఎవరో పోతున్నారు, ఆ నురగంతా ఈస్టు అనే శిలీంధ్రం మహిమే. మరిచిపోవాలని ఎటు తల తిప్పినా, చదివింది అటునుంచే ఎదురొచ్చింది. చదవాలని కూర్చున్నప్పుడు ఒక్క పేరూ నోరు తిరగలేదు. మరవాలని కూర్చుంటే పుస్తకమంతా పుటలతో సహా కళ్ళముందు నిలబడింది.

"నా వల్ల కావట్లేదు నాన్నా."

"పోనీ ఓ పని చెయ్యి," అన్నాడు కొండలరావు గొంతు తగ్గించి. "తెలిసినా తెలీనట్టు రాసేసెయ్. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగలేదా?"

పరీక్ష పత్రం, దాని జవాబులూ సీలు వేసిన కవర్లో బయటినుంచి తెప్పించారు, ఎందుకంటే కుంభగిరిలో శిలీంధ్రాలు తెలిసినవాడు లేడు. ప్రతి ప్రశ్నకీ కింద నాలుగు జవాబులు, ఒకటి గుర్తు పెట్టాలి. తాయారు ఏరి ఏరి ప్రతిదానికీ తప్పు జవాబు పెట్టింది. సున్నా వచ్చింది. పరమానందంతో రిజిస్ట్రారు గది ముందు నిలబడింది.

లోపల శేషఫణి గారి మొహం మబ్బు పట్టి ఉంది.

"గణాంకశాస్త్ర ఆచార్యుల అభ్యంతరము," అన్నారు. "ఏమియు తెలియనివాడు కళ్ళు మూసుకుని గీసినను పావు వంతు తగులును. మీకొక్కటియు తగలలేదు. అనగా ప్రతి ప్రశ్నకును ఒప్పు ఏదో మీకు స్పష్టముగా తెలియును. మీరు మరవలేదు సరిగదా, ఒక్క ముక్క తుడిచిపోకుండ భద్రము చేసుకొంటిరి. ఇది మరుపును అపహాస్యము చేయుట."

"మరి ఎంత రావాలి సార్?"

"ప్రమాణము కొరకు మా వృక్షశాస్త్ర శాఖాధిపతి భుజంగరావు గారిచేత ఇదే పరీక్ష రాయించితిమి. సరిగ్గా పావు వంతు వచ్చినది. ఎక్కువ లేదు, తక్కువ లేదు. అది స్వచ్ఛమైన అజ్ఞానము. అభ్యాసముతో మీరును అక్కడికి చేరవలెను."

భుజంగరావు గారు మంచి మనిషి. కొన్నేళ్ళపాటు సాయంత్రం మతిమరుపుతో వేరేవాళ్ళ స్కూటరెక్కి వాళ్ళింటికే వెళ్ళి, వాళ్ళావిడ పెట్టిన టిఫిను తిని, బాగుందని చెప్పి వచ్చేవారట. ఎవరూ ఏమీ అనుకోలేదు. అంతటి మనిషిని ఊరికే వదిలేస్తారా? ఆయన్ని సంచాలకుడిగా పెట్టి విశ్వవిద్యాలయం వారు ఏకంగా "విస్మృతి అధ్యయన విభాగం" తెరిచారు. కొత్త గది, కొత్త బెంచీలు, తిరిగే ఫ్యాన్లు, చల్లటి నీళ్ళ యంత్రం. విద్యార్థి మాత్రం ఒక్కతే, మంగతాయారు.

మొదటి రోజు భుజంగరావు గారు క్లాసుకి రావడం మరిచిపోయారు. దాన్ని ప్రారంభోపన్యాసంగా రాసుకున్నారు. రెండో రోజు వచ్చి, "నేనెందుకొచ్చానమ్మా?" అని అడిగారు. తాయారు చెప్పింది. "ఓహో" అని వెళ్ళిపోయారు. దాన్ని ప్రాక్టికల్ కింద వేశారు.

కొత్త గదిలో ఫ్యాను తిరిగితే ఆ గాలి ఎక్కడికి పోతుంది? ఎమ్మెస్సీ రెండో ఏడాది పిల్లలకి తగిలింది. వాళ్ళ క్లాసులో ఫ్యాను రెక్కలకి పావురాలు గూడు పెట్టి, తరతరాలుగా అక్కడే ఉంటున్నాయి. వాళ్ళ నాయకుడు సత్తిపండు. హాస్టలు సాంబారు మీద సమ్మె చేసి పేరు తెచ్చుకున్న మొనగాడు. పరిపాలనా భవనం ముందు షామియానా వేయించి, మైకు పుచ్చుకున్నాడు.

"ఏవండీ రిజిస్ట్రారు గారూ! బయటినుంచొచ్చినోళ్ళకి మరుపు కోర్సు పెట్టేరు, ఫ్యాన్లెట్టేరు, కూలింగు నీళ్ళెట్టేరు. మరి పుట్టి బుద్ధెరిగిన కాడ్నించి ఈ యూనివర్సిటీనే నమ్ముకున్న మేవేం పాపం చేసేవండీ? మర్చిపోడానికి మేం పనికిరామా? మా బుర్రలు బుర్రలు కావా?"

"మరుపు మా జన్మహక్కు!" అని వెనక పిల్లలు అరిచారు.

శేషఫణి గారు బాల్కనీలోకి వచ్చారు. "మీ డిమాండు సహేతుకము. విస్మృతి కోర్సు అందరికీ వర్తింపజేయుచున్నాము."

చప్పట్లు మోగాయి. షామియానా కట్లు విప్పబోతుండగా సత్తిపండుకి అనుమానమొచ్చింది. మళ్ళీ మైకు అందుకున్నాడు.

"అయితే ఒకటండీ. మర్చిపోవాలంటే ముందర రావాలి గదండీ? మాకు శిలీంధ్రాలు రావు. రానిదాన్ని మేవెట్టా మర్చిపోతావండీ?"

శేషఫణి గారు బాల్కనీ తలుపు వేసుకుని లోపలికి వెళ్ళిపోయారు. మర్నాడు సమానతా సంఘం అత్యవసరంగా కూర్చుని, పకోడీలు అయిపోయేదాకా చర్చించి, విద్యార్థులకి మరుపు కల్పించాలంటే మొదట జ్ఞానం కల్పించక తప్పదని తేల్చింది. విశ్వవిద్యాలయం పుట్టాక ఇలాంటి నిర్ణయం తీసుకోవడం అదే మొదలని పెద్దలు చెబుతారు. ఇంతకీ చెప్పేదెవరు? తెలిసిన మనిషి మంగతాయారు ఒక్కతే.

మళ్ళీ పిలుపు.

"మిమ్ములను శిలీంధ్రముల అతిథి అధ్యాపకురాలిగా నియమించుచున్నాము," అన్నారు శేషఫణి గారు.

"సార్, నాకు ఎక్కువ తెలుసని విద్యార్థిగా తీసుకోలేదు. ఇప్పుడు పంతులమ్మగా తీసుకుంటారా?"

"విద్యార్థి జ్ఞానమునకు మా నిబంధనలలో హద్దు కలదు. అధ్యాపకుల జ్ఞానమునకు పై హద్దు లేదు." ఆయన నిబంధనల పుస్తకం మూశారు. "కింది హద్దు కూడ లేదనుకొనుడు."

"మరి నా సీటు? దసరా దగ్గరకొచ్చేస్తోంది సార్. మా నాన్న ఎరువు గోతులు తవ్వించేస్తున్నాడు."

"సీటు విషయము యథాతథము. మరిచినప్పుడు చూచెదము."

తాయారుకి ఒళ్ళు మండింది. వద్దని లేచి వచ్చేద్దామనుకుంది. గుమ్మం దాకా వెళ్ళింది కూడా. అక్కడ నిలబడి ఆలోచించింది. సమానత్వం, సమానత్వం అని కదా వీళ్ళ గోల? నేను కిందికి దిగితేనే సమానమా? కాసేపటికి వెనక్కి తిరిగి, "ఎప్పట్నుంచి రమ్మంటారు సార్?" అంది.

పాఠం చెప్పడం అంటే ఎంతో తంటా అనుకుంది గాని, కుంభగిరి విశ్వవిద్యాలయంలో శిలీంధ్రాలకి వేరే ప్రయోగశాల అక్కర్లేకపోయింది. లైబ్రరీలోకి తీసుకెళితే అరకి ఒక జాతి. హాస్టలు వంటింట్లోకి తీసుకెళితే నిన్నటి బ్రెడ్డు మీద దూదిలా రైజోపస్. మరవడానికి నేర్చుకుంటున్నాం గనక గట్టిగా నేర్చుకోవాలని పిల్లలు కూడా పట్టుదల మీద ఉన్నారు. సగం నేర్చుకుంటే సగమే మరుస్తాం, అప్పుడు మార్కులు సగమే వస్తాయని సత్తిపండు లెక్క కట్టాడు.

ఒకరోజు తాయారు బిర్యానీలో వేసే రాతిపువ్వు పట్టుకొచ్చింది.

"ఇదేంటో తెలుసా? రాళ్ళ మీదా చెట్ల బెరడు మీదా పెరుగుతుంది. ఇది ఒక్క ప్రాణి కాదు. ఒక శిలీంధ్రం, ఒక నాచు కలిసి చేసుకున్న కాపురం. నాచు వండుతుంది, శిలీంధ్రం ఇల్లు కాస్తుంది."

సత్తిపండు నోరు తెరిచాడు. "అంటే మేడమ్, మా పెద్దక్క పెళ్ళి బిర్యానీలో మేం తిన్నది బూజా అండీ?"

"సగం."

"ఇంకెక్కడ మర్చిపోతానండి బాబూ!" అని నెత్తి బాదుకున్నాడు.

భుజంగరావు గారు ఒకనాడు తన గదనుకుని పొరపాటున ఆ క్లాసులోకి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. రాతిపువ్వు సంగతి విని, మర్నాడు పొరపాటు లేకుండానే వచ్చారు. ఆ తరవాత నోట్సు పుస్తకం కొనుక్కుని, తన పేరు కూడా హాజరు పట్టీలో రాయించుకున్నారు. సాయంత్రం సొంత స్కూటరు మీద సొంత ఇంటికి వెళుతున్నారని తెలిసి, ఆయనకి ఒంట్లో బాగోలేదేమోనని క్యాంపస్ అంతా కంగారు పడింది.

దసరా సెలవులకి ముందు మరుపు పరీక్ష పెట్టారు. అందరూ రాశారు. అందరూ తప్పారు. ఒక్కడికీ పావు వంతు దగ్గర ఆగలేదు, బుడగలాగా మార్కులన్నీ పైకి లేచి కూర్చున్నాయి.

శేషఫణి గారు సత్తిపండుని పిలిపించారు. "ఇది మీ విశ్వవిద్యాలయమునకు తలవంపులు కాదా? అంతమందిలో మరిచినవాడు ఒక్కడును లేడా?"

"నేనేం చేసేదండీ?" అన్నాడు సత్తిపండు, కళ్ళు దించుకుని. "తప్పు పెడదామనే కూచున్నానండి. ఒప్పు జవాబు అక్కడ నన్నే చూస్తా ఉంటే చెయ్యి ఊరుకుంటాదేటండీ? జీవితంలో మొదటిసారి తెలిసిందండీ నాకు. ఎట్టా ఒదులుకుంటాను?"

సమానతా సంఘం మళ్ళీ కూర్చుంది. ఈసారి పకోడీలు ముట్టుకున్నవాడు లేడు. ఎవరి మీద వెయ్యాలా ఈ నింద అని ఒకరి మొహాలొకరు చూసుకుంటుండగా, తాయారు పిలవకుండానే లోపలికొచ్చింది.

"అయ్యా, విషయం: నా సీటు," అంది. "సూచిక: మీ సమానత్వం. నాకు శిలీంధ్రాలు తెలుసు, మీ విద్యార్థులకి తెలియవు, అందుకని తేడా ఉందన్నారు. ఇప్పుడు మీ విద్యార్థులకీ తెలుసు. పరీక్ష మీరే పెట్టారు, వాళ్ళు మరవలేదని మీరే తేల్చారు. ఇంక నా దగ్గర ఎక్కువేముంది?"

సంఘం అధ్యక్షుల వారు గణాంకశాస్త్ర ఆచార్యుల వంక చూశారు. ఆయన కాగితం మీద ఏదో వేసి, కొట్టేసి, మళ్ళీ వేసి, "తేడా లేదు. సమానమే," అన్నారు దిగులుగా. సంఘం గుండెల మీంచి బండ దిగింది. తలవంపులనుకున్నది కాస్తా ఘనకార్యమైంది. "మన విద్యార్థులను బదిలీ విద్యార్థి స్థాయికి చేర్చి సమానత్వము సాధించితిమి" అని తీర్మానం రాసుకున్నారు. అందులో తాయారు పేరు లేదు. తాయారుకి సీటు మాత్రం వచ్చింది.

ఉత్తర్వు పట్టుకుని ఇంటికి వెళితే కొండలరావు అటూ ఇటూ తిప్పి చూశాడు. "మొత్తానికి మర్చిపోయేవా, లేదా?"

"లేదు నాన్నా."

"మరెందుకిచ్చేరే సీటు?"

"అందరికీ నేర్పేశాను."

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ!" అని, గోతులు తవ్వుతున్న మనిషిని కేకేశాడు. "ఒరే, గునపం లోపల పెట్టెయ్. మనమ్మాయి ఎరువు అక్కడ కలిపేసిందంట."

సెలవులకి ముందు చివరి రోజు ఇంకో చిక్కు తెచ్చారు శేషఫణి గారు. "మీరు విద్యార్థిని. విద్యార్థికి హాజరు తప్పనిసరి. పాఠము చెప్పుచున్నంతసేపు మీరు బోర్డు దగ్గర ఉందురు. బెంచీ మీద లేనివారు గైర్హాజరు."

"బెంచీ మీద కూర్చుంటే పాఠం ఎవరు చెబుతారు సార్?"

"అదియును నిజమే. కావున పేరు పిలుచు సమయమునకు బెంచీ మీద ఉండిన చాలునని మినహాయింపు ఇచ్చుచున్నాము."

ఆ పూట తాయారు రెండో ఏడాది క్లాసులో హాజరు పట్టీ తెరిచింది. ఒక్కొక్క పేరే పిలిచింది. "ప్రెజెంటండీ" అని సత్తిపండు లేచాడు, కూర్చున్నాడు. తన పేరు దగ్గరికొచ్చింది. "మంగతాయారు!" అని గట్టిగా పిలిచి, వేదిక దిగి, గబగబా వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. లేచి నిలబడి, ఖాళీ కుర్చీకేసి చూస్తూ "ప్రెజెంట్ మేడమ్" అంది. మళ్ళీ వేదికెక్కి, తన పేరుకి ఎదురుగా టిక్కు పెట్టుకుంది. పిల్లలు బల్లలు చరిచి ఈలలేశారు.

ఆ సందడిలో తలుపు దగ్గర భుజంగరావు గారు నోట్సు పుస్తకం చంకలో పెట్టుకుని రొప్పుతూ నిలబడ్డారు. "లోపలికి రావచ్చా మేడమ్?" అన్నారు.

తాయారు వాచీ చూసుకుంది.

"రండి సార్, కూర్చోండి," అంది. హాజరు మాత్రం వెయ్యలేదు.